గడ్డ పోయింది, మెడ ఇంకా కోలుకోవాలి

(మెడలో క్యాన్సర్ కాని గడ్డలకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, వాళ్ల కుటుంబాలు హాజరైన సమావేశంలో ఒక సర్జన్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వరుసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఆపరేషన్ అయి వారం కూడా కానివాళ్లు కొందరు ఇక్కడ ఉన్నారు. పక్క వరుసల్లో కూర్చుని నన్ను చూడ్డానికి మెడ మెలితిప్పుకోకండి. కుర్చీనే ఇటు తిప్పుకోండి. పర్వాలేదు, చప్పుడైనా నేనేమీ అనుకోను.

నేను ఆపరేషన్లు చేసే డాక్టరుని. ఆపరేషన్ గురించి చెప్పమంటే గంటలకొద్దీ చెప్తాను, నన్ను ఆపడం కష్టం. ఇవాళ మాత్రం దాని గురించి చెప్పను. మేం చేతి గ్లోవ్స్ తీసేశాక మొదలయ్యే కథ చెప్తాను. ఆపరేషన్ మీరు మత్తులో ఉండగా జరుగుతుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది. కోలుకోవడం మాత్రం మీరు మెలకువగా ఉండి చేయాల్సిన పని. నెలల తరబడి చేయాల్సిన పని. మరి దాని గురించి మేం ఎంత చెప్తాం? డిశ్చార్జి కాగితం మీద నాలుగు లైన్లు. అవి కూడా మా చేతిరాతలో.

ఇక్కడున్న చాలామందికి ఇంట్లోవాళ్లు, చుట్టాలు, ఆఫీసువాళ్లు అందరూ ఒకే మాట చెప్పి ఉంటారు. "క్యాన్సర్ కాదుగా, ఇంకేం!" చెప్పారా లేదా? చూడండి, ఎన్ని తలలు ఊగుతున్నాయో. ఆ మాట తప్పు కాదు. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా మీరు పడ్డ టెన్షన్ నాకు తెలుసు, ఆ రిపోర్టు ఎంత ఊరటో కూడా తెలుసు. కానీ ఆ మాట అన్నాక మీరు బాధ చెప్పుకోవడానికి ఇంక తావుండదు. చెవి మొద్దుబారిందండీ అంటే, క్యాన్సర్ కాదుగా. గొంతు పోయిందండీ అంటే, క్యాన్సర్ కాదుగా. సరే, కాదు. గడ్డ మంచిదా చెడ్డదా అన్నది గడ్డ సంగతి. దాన్ని తీయడానికి మేం వెళ్లిన దారి మాత్రం అదే మెడ, అవే నరాలు. మెడకి ఆ రిపోర్టు చదవడం రాదు.

నేను చెప్పదలుచుకున్నది చిన్న సంగతి. గాయం లెక్క వేరు, నరం లెక్క వేరు. గాయం వారాల్లో మానుతుంది, అది కళ్లకి కనపడుతుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. నరం నెలలు తీసుకుంటుంది, కనపడదు. కుట్లు విప్పిన రోజున మీరూ, ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి మేమూ, "అయిపోయింది" అనేస్తాం. చాలామందికి అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే.

మెడలో క్యాన్సర్ కాని గడ్డలంటే ఒకే రకం కాదు. చర్మం కింద వచ్చే కొవ్వు గడ్డని లైపోమా అంటాం. చెవి కింద, దవడ మూల దగ్గర పెద్ద లాలాజల గ్రంథి ఉంటుంది, దాని పేరు పెరోటిడ్. లాలాజల గ్రంథుల్లో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం అక్కడే వస్తాయి, అక్కడ వచ్చేవాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. వాటిల్లో తరచుగా కనపడేది ప్లియోమార్ఫిక్ అడినోమా. థైరాయిడ్ గడ్డలు మీకు తెలిసినవే. నరం తొడుగు నుంచే పుట్టే గడ్డలున్నాయి, ష్వానోమా అంటాం. మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట పుట్టేది ఇంకొకటి, కెరోటిడ్ బాడీ ట్యూమర్. మీది ఏదో మీ కాగితాల్లో రాసి ఉంటుంది. చదవండి. చదివి, "డాక్టరుగారూ, ఇది ఏ నరం పక్కన ఉంది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే రాబోయే ఆరు నెలల్లో మీకు ఏం ఎదురవుతుందో సగం తెలిసిపోతుంది.

క్యాన్సర్ కానప్పుడు అసలెందుకు తీయాలి అని ఇంకొందరు అడుగుతారు. అన్నీ తీయం. కొన్నిటిని ఊరికే చూస్తూ ఉంటాం. కానీ కొన్ని పెరిగి శ్వాసనాళాన్ని నొక్కుతాయి. ప్లియోమార్ఫిక్ అడినోమాని ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారొచ్చు. అందుకని తీస్తాం. సరే, తీసేశాం అనుకోండి. తర్వాత?

మొదట భయపడాల్సిన విషయం చెప్పేస్తాను, తర్వాత అందరం నిమ్మదిగా మాట్లాడుకోవచ్చు. మెడ ఆపరేషన్ తర్వాత లోపల రక్తం కారి గూడు కట్టడం అరుదు. కానీ జరిగితే క్షణాల మీద పని. పొట్టలో రక్తం చేరితే దానికి చోటుంటుంది. మెడలో చోటు లేదు. చేరిన రక్తం శ్వాసకి అడ్డం పడుతుంది. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, అందులోనూ చాలావరకు మొదటి ఆరు గంటల్లో. అందుకే ఆ రాత్రి నర్సమ్మ మాటిమాటికీ వచ్చి లైటు వేసి మీ మెడ చూసి వెళ్తుంది. నిద్ర చెడగొడుతోందని విసుక్కుంటారు మీరు. విసుక్కోకండి. ఆ రాత్రి ఆమె చేసే పని నేను చేసిన పనికేమీ తక్కువ కాదు.

ఇంటికి వెళ్లాక కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. మెడ చూస్తుండగానే ఉబ్బుతోంది, బిగుసుకుపోతోంది, వెల్లకిలా పడుకోలేకపోతున్నారు, ఊపిరి తీసుకుంటే శబ్దం వస్తోంది, గొంతు ఉన్నట్టుండి మారిపోతోంది. వీటిలో ఏది వచ్చినా ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగొద్దు. తెల్లారనీ అనుకోవద్దు. దగ్గరలో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లండి, ఎవరినో ఒకరిని తోడు తీసుకుని వెళ్లండి, "మెడ ఆపరేషన్ అయింది, ఊపిరాడటం లేదు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. మిగతా కథ తర్వాత. హాస్పిటల్లో ఉండగా ఇలా జరిగితే మేం థియేటర్ దాకా కూడా ఆగం, మంచం మీదే కుట్లు విప్పి రక్తం బయటికి వదిలేస్తాం. అంత తొందర పని.

మరి మామూలు వాపు ఎలా ఉంటుంది? పొద్దున లేవగానే ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. కోత గీతకి పైన, గడ్డం కింద సంచిలా వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. ఎందుకంటే అక్కడి ద్రవం కిందికి దిగే సన్నని దారులు ఆ కోతలో తెగాయి, మళ్లీ ఏర్పడాలి. కొన్ని వారాలు పడుతుంది. తలవైపు ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. తల ఒక్కటే పైకి లేచేలా దిండు మీద దిండు పెడితే మెడ ముందుకి మడతపడుతుంది. వీపు దగ్గర్నుంచి ఎత్తు రావాలి.

మొదటి రెండు మూడు రోజులు గొంతు లోపల నొప్పి ఉంటుంది, మింగితే గుచ్చుకుంటుంది. అది కోత నొప్పి కాదు. మత్తులో మీ ఊపిరి కోసం పెట్టిన గొట్టం వల్ల. తగ్గిపోతుంది. మెడ వెనక నొప్పి అని ఇంకొందరు వస్తారు. "డాక్టరుగారూ, మీరు కోసింది ముందు, నొప్పేమో వెనక" అంటారు. నిజమే. థైరాయిడ్ ఆపరేషన్లో భుజాల కింద మెత్త పెట్టి తల వెనక్కి వంచి ఉంచుతాం. పెరోటిడ్ అయితే తల పక్కకి తిప్పి ఉంచుతాం. గంటల కొద్దీ అలా ఉంటే ఎవరి మెడైనా పట్టేస్తుంది. గాయం లోపల చేరే ద్రవం బయటికి రావడానికి పెట్టే డ్రెయిన్ గొట్టం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రోజుకి వచ్చే ద్రవం బాగా తగ్గగానే తీసేస్తాం, తీసేటప్పుడు ఒక్క క్షణం లాగినట్టుంటుంది, అంతే.

థైరాయిడ్ మొత్తం తీయించుకున్నవాళ్లు ఈ మాట కాస్త జాగ్రత్తగా వినండి. థైరాయిడ్ వెనక నాలుగు చిన్న గ్రంథులుంటాయి, పారాథైరాయిడ్లు. ఒక్కోటి కొన్ని మిల్లీమీటర్లే. మీ రక్తంలో కాల్షియంని నడిపేది అవే. వాటిని మేం కాపాడినా, వాటికి వెళ్లే సన్నటి రక్తనాళాలు అదిరిపోయి, ఒక్కోసారి ఆ గ్రంథులు కొన్నాళ్లు పని మానేస్తాయి. అప్పుడు పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు ఉంటుంది. తర్వాత చేతివేళ్లు కొంకర్లు పోతాయి. ఇది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య వస్తుంది. అంటే చాలామందికి ఇంటికి వెళ్లాకే. భయంతో వచ్చిందేమో, నిద్ర లేకేమో అనుకుని ఊరుకోకండి. డాక్టరుకి చెప్పండి, రక్తంలో కాల్షియం చూడాలి. టాబ్లెట్లతో సరిపోతుంది చాలామందికి, కొందరికి రక్తనాళంలోకి ఎక్కించాలి. ఎక్కువమందిలో ఆ గ్రంథులు వారాల్లో, నెలల్లో మళ్లీ పనిలోకి దిగుతాయి.

ఇంకో విషయం, ఇది మందుల షాపువాళ్లు కూడా చెప్పరు. థైరాక్సిన్, అంటే థైరాయిడ్ హార్మోను మాత్ర, పరగడుపున వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. కాల్షియం మాత్ర దానికి కనీసం నాలుగు గంటలు దూరంగా ఉండాలి, ఐరన్ మాత్ర కూడా అంతే. రెండూ కలిపి గుటుక్కున మింగితే థైరాక్సిన్ ఒంటికి సరిగ్గా అందదు. నెలల తరబడి "మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గట్లేదు" అనేవాళ్లలో కొందరి రహస్యం ఇదే. సగం థైరాయిడే తీసినవాళ్లలో చాలామందికి మాత్ర అక్కర్లేదు. కానీ అక్కర్లేదని ఊహించుకోకూడదు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి తెలుసుకోవాలి.

థియోడర్ కోకర్ అని స్విట్జర్లాండ్‌లో, బెర్న్ నగరంలో ఒక సర్జన్ ఉండేవాడు. థైరాయిడ్ మీద పనికే 1909లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కాలానికి ముందు థైరాయిడ్ ఆపరేషన్ అంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. ఆయన చేతిలో ఆ మరణాలు చివరికి నూటికి ఒకటి కంటే తక్కువకి దిగాయి. అంత శుభ్రంగా, అంత నిదానంగా చేసేవాడు. గాయాలు చక్కగా మానేవి, పేషెంట్లు ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. తర్వాత ఆయన తన పాత పేషెంట్లని వెనక్కి పిలిపించి చూశాడు. థైరాయిడ్ మొత్తం తీసేసినవాళ్లలో చాలామంది మందకొడిగా అయిపోయారు, ముఖాలు ఉబ్బిపోయాయి, చలికి ఓర్చుకోలేకపోతున్నారు, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోయింది. ఒంటికి థైరాయిడ్ ఎంత అవసరమో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు మరి. 1883లో ఆ సంగతి ఆయనే సర్జన్ల సభలో బయటపెట్టాడు. మామూలు గాయిటర్‌కి, అంటే థైరాయిడ్ వాపుకి, థైరాయిడ్ మొత్తం తీయడం మానేశాడు. నాకు ఆయన నోబెల్ కంటే ఆ వెనక్కి పిలిపించడం గొప్పగా అనిపిస్తుంది. పిలవకపోయి ఉంటే ఆయన లెక్కలో అన్నీ సక్సెస్‌లే కదా?

నరాల లెక్క

ఇప్పుడు నరాల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మీకు అభ్యంతరం లేకపోతే.

నరానికి దెబ్బ అంటే అందరూ "నరం తెగింది" అనుకుంటారు. హెర్బర్ట్ సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ 1943లో నరాల దెబ్బల్ని మూడు రకాలుగా విడదీశాడు, ఇప్పటికీ మేం ఆ లెక్కే వాడతాం. కరెంటు తీగ ఊహించుకోండి. మొదటి రకంలో తీగ బాగానే ఉంది, తొడుగు నలిగి కరెంటు ఆగింది. రెండో రకంలో లోపలి తీగ తెగింది, పైన గొట్టం నిలిచి ఉంది. మూడో రకంలో గొట్టంతో సహా తెగింది. క్యాన్సర్ కాని గడ్డల ఆపరేషన్లో మీకు ఎదురయ్యేది ఎక్కువగా మొదటి రకం. గడ్డని నరం మీంచి ఒలిచేటప్పుడు నరం సాగుతుంది, కదులుతుంది, వాస్తుంది. ఇది వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో సర్దుకుంటుంది. రెండో రకంలో నరం లోపలి పోగులు ఆ గొట్టం వెంట మళ్లీ పెరగాలి. ఎంత వేగంతో? రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. రోజంతా కష్టపడితే ఒక మిల్లీమీటరు! దవడ మూల నుంచి నోటి చివర దాకా దాదాపు పది సెంటీమీటర్లు. లెక్క వేసుకోండి. మూడు నాలుగు నెలలు. మీ ముందు వరుసలో ఎవరో వేళ్ల మీద లెక్క పెడుతున్నారు, కరెక్టే అమ్మా, మీ లెక్క కరెక్టే.

అందుకే నాలుగో వారంలో అద్దం ముందు నిలబడి "ఇంకా రాలేదు, ఇంక రాదు" అనుకోకండి. రావాల్సిన టైమే కాలేదు.

పెరోటిడ్ ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు అందరికీ చెవి తమ్మె మొద్దుబారుతుంది. దానికి స్పర్శ ఇచ్చే నరం సరిగ్గా మా దారికి అడ్డంగా వెళ్తుంది. కొందరిలో దాని వెనక కొమ్మని కాపాడగలం, కొందరిలో కుదరదు. ఫోన్ చెవికి ఆనిస్తే ఎవరిదో చెవి అన్నట్టు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఏడాదిలో ఆ మొద్దుబారిన చోటు తగ్గుతూ వస్తుంది, కొందరికి చిన్న ముక్క అలాగే మిగిలిపోతుంది. ఇది పెద్ద సమస్య కాదు అంటాం మేం. మాకేం, చెవి మాది కాదుగా. జాగ్రత్త మాత్రం తీసుకోండి. స్పర్శ లేనిచోట వేడి తెలియదు, కోత తెలియదు. హెయిర్ డ్రైయర్ దగ్గర, గడ్డం గీసుకునేటప్పుడు, చెవిపోగు బిగించేటప్పుడు అద్దంలో చూసుకుంటూ చేయండి. తర్వాత ఎప్పుడో ఒకరోజు అక్కడ సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు చిటుక్కుమంటుంది. అప్పుడు భయపడి పరిగెత్తుకొస్తారు. అది చాలాసార్లు నరం తిరిగి వస్తోందనడానికి గుర్తు.

అదే గ్రంథి మధ్యలోంచి ముఖాన్ని కదిలించే నరం వెళ్తుంది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు నోరు ఒక పక్కకి లాగడం, కింది పెదవి ఒకవైపు దిగకపోవడం, కన్ను పూర్తిగా మూతపడకపోవడం అరుదేమీ కాదు. శాశ్వతంగా ఉండిపోవడం మాత్రం తక్కువ. ఇక్కడ అందరి దృష్టి నవ్వు మీద ఉంటుంది, నా దృష్టి కన్ను మీద ఉంటుంది. నవ్వు ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు, కన్ను ఆగదు. మూతపడని కన్ను తడారిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పగలు కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, రెప్ప మూసి టేపు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి. ముఖానికి వ్యాయామం చేసేవాళ్లు చిన్న కదలికలు, నిదానంగా చేయండి. బలవంతంగా ముఖం మొత్తం లాగకండి. కోలుకునే నరానికి తప్పు అలవాట్లు పడితే నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుపోతుంది.

గొంతు సంగతి. స్వరపేటికని కదిలించే నరం వింత దారిలో వెళ్తుంది. ఎడమవైపుది ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింద చుట్టుకుని, మళ్లీ పైకి థైరాయిడ్ వెనకగా వస్తుంది. అది అదిరితే గొంతు బొంగురుపోతుంది, దగ్గులో బలం ఉండదు, నీళ్లు తాగితే పొలమారుతుంది. అప్పుడు చాలామంది గొంతుకి విశ్రాంతి ఇద్దామని గుసగుసగా మాట్లాడతారు. గుసగుస విశ్రాంతి కాదండీ, చాలామందికి దానివల్ల గొంతు మీద శ్రమ పెరుగుతుంది. మామూలు గొంతుతో, మెల్లగా, తక్కువగా మాట్లాడండి. నీళ్లు పొలమారితే గడ్డం కాస్త కిందికి దించి చిన్న గుటకలుగా తాగి చూడండి, స్పీచ్ థెరపిస్టు మీకు ఏది నప్పుతుందో చూసి నేర్పిస్తారు. రెండు వారాలు దాటినా బొంగురు పోకపోతే కెమెరాతో స్వరతంత్రులు చూపించుకోండి. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తిరిగి వస్తుంది. అంతదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు, కదలని తంత్రిని ఇంజెక్షన్‌తో కాస్త లావు చేస్తే గొంతు బాగుపడుతుంది. ఇది చేయించుకోవచ్చని తెలియక ఏడాదంతా ఫోన్ ఎత్తడం మానేసినవాళ్లుంటారు.

ఇంకో సన్నటి నరం ఉంది, పై స్థాయి పలికించేది. అది దెబ్బతింటే మామూలు మాట బాగానే ఉంటుంది. కేక వేయలేరు, పై స్థాయిలో పాడలేరు, సాయంత్రానికి గొంతు అలసిపోతుంది. పాడేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు వెంటనే పట్టేస్తారు. మిగతావాళ్లు "ఏదో తేడాగా ఉంది" అంటారు. ఆ "ఏదో తేడా" కూడా డాక్టరుకి చెప్పండి. అది మీ ఊహ కాదు.

భుజం. మెడ ఆపరేషన్‌కి భుజానికి ఏం సంబంధం అంటారా? మెడ పక్క భాగంలో చర్మానికి కొంచెం లోపలే ఒక నరం భుజం కండరానికి వెళ్తుంది. అక్కడి చిన్న లైపోమా తీసినా, పరీక్ష కోసం లింఫ్ గడ్డ తీసినా అది నలగొచ్చు. భుజం ఒరిగినట్టు ఉంటుంది, చెయ్యి పక్కనుంచి పైకి లేవదు, రాత్రి నొప్పి. అటు తిరిగి పడుకున్నందుకు పట్టేసిందనుకుని నెలలు గడిపేస్తారు. ఈలోపు కీలు బిగుసుకుపోతుంది. నరం తిరిగి వచ్చినా కీలు కదలదు. కాబట్టి ఈ ఒక్కదానికి మాత్రం ఓపిక పట్టొద్దు, చెయ్యి లేవట్లేదని తెలిసిన వారమే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి.

నెలలు గడిచాక వచ్చే వింతలు కొన్ని ఉన్నాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే చెవి దగ్గర కళుక్కుమని నొప్పి, రెండు మూడు ముద్దల తర్వాత తగ్గిపోవడం. కెరోటిడ్ దగ్గర లోతుగా ఆపరేషన్ అయినవాళ్లలో ఇది చూస్తాం. అక్కడే ఉండే ఇంకో నరం దెబ్బతింటే ఒకవైపు కనురెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదవుతుంది. పెరోటిడ్ తీసినవాళ్లకి ఇంకా విచిత్రమైనది. తింటుంటే చెంప మీద చెమట. అవును, నవ్వకండి, ఇక్కడ కనీసం ఒకరికి ఉండే ఉంటుంది. పోలండ్ దేశపు నరాల డాక్టరు లూసియా ఫ్రే దీని గుట్టు 1923లో విప్పి చెప్పింది, ఆమె పేరే దీనికి పెట్టారు. లాలాజలం ఊరించే నరం పోగులు పెరుగుతూ పెరుగుతూ దారి తప్పి, చర్మంలోని చెమట గ్రంథులకి అతుక్కుంటాయి. నోరూరాల్సినప్పుడు చెంపకి చెమట పడుతుంది. చెంప మీద అయోడిన్ పూసి, ఆరాక పిండి పొడి చల్లి, ఏదైనా తినిపిస్తే చెమట పట్టినచోట నల్లనీలంగా మారుతుంది. ఇబ్బందిగా ఉంటే బొటాక్స్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, దాని ప్రభావం తగ్గినప్పుడు మళ్లీ వేయించుకోవాలి. ప్రమాదం ఏమీ లేదు. నలుగురిలో తినడానికి సిగ్గుపడి ఏళ్లు గడిపేయడం మాత్రం అనవసరం.

కుట్లు విప్పాక

మెడ కదిపితే కుట్లు ఊడిపోతాయని భయపడి బొమ్మలా బిగుసుకు తిరిగేవాళ్లని చూస్తుంటాను. మాట్లాడాలంటే నడుము దగ్గర్నుంచి తిరుగుతారు. డాక్టరు ప్రత్యేకంగా వద్దని చెప్తే తప్ప, మెల్లగా కుడికి, ఎడమకి, కిందికి కదపడం మొదటి రోజుల నుంచే మంచిది. లాగుతున్నట్టు అనిపించేదాకా వెళ్లి ఆగండి, నొప్పి దాకా కాదు. బరువులెత్తడం రెండు మూడు వారాలు మానండి. బండి ఎప్పుడు నడపొచ్చు అంటే, వెనక వచ్చే బండిని నొప్పి లేకుండా తిరిగి చూడగలిగినప్పుడు. మత్తు కలిగించే నొప్పి మాత్రలు వాడుతున్నన్నాళ్లు అసలొద్దు.

మచ్చ గురించి ఎక్కువ ప్రశ్నలు వస్తాయి, జవాబు చిన్నదే. మెడ మీద కుట్లు అయిదు నుంచి ఏడు రోజుల్లో తీసేస్తాం. అంటే చర్మం గట్టిపడిందని కాదు. మూడు వారాలకి మచ్చకి ఉండేది అసలు చర్మం బలంలో అయిదో వంతు, మూడు నెలలకి 80 శాతం దాకా, నూరు శాతం ఎప్పటికీ రాదు. రెండో నెలలో మచ్చ ముందుకంటే ఎర్రగా, గట్టిగా కనిపిస్తుంది. అప్పుడే అందరూ గాభరా పడతారు. ఏడాది దాకా అది మెత్తబడుతూనే ఉంటుంది. ఎండ తగలనివ్వకండి, సన్‌స్క్రీన్ రాయండి. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రెండు మూడు నెలలు వాడండి, వేలితో మెల్లగా మర్దన చేయండి. సిగరెట్టు తాగేవాళ్లకి గాయం ఆలస్యంగా మానుతుంది. మచ్చ కోత గీత దాటి పక్కకి పాకుతుంటే అది కీలాయిడ్, తొందరగా చూపిస్తే ఇంజెక్షన్లతో అణచొచ్చు.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. మూడో వారంలో పేషెంటు బయటికి బాగానే ఉంటారు. మధ్యాహ్నం అయ్యేసరికి నీరసం, చిన్నదానికి చిరాకు, కొందరికి ఏ కారణం లేకుండా ఏడుపు. నెలల టెన్షన్ ఒక్కసారిగా దిగితే అలాగే ఉంటుంది, మత్తుమందు, ఆపరేషన్ శ్రమ కూడా తోడవుతాయి. అప్పుడు "క్యాన్సర్ కాదుగా" అనకండి. ఏం ఇబ్బందిగా ఉందో అడగండి, విన్నది కాగితం మీద రాయండి. తర్వాతి చెకప్‌లో ఆ కాగితం మాకు చాలా పనికొస్తుంది. నెలలు గడిచినా నిద్ర, ఆకలి, ఆసక్తి తిరిగి రాకపోతే దానికీ డాక్టర్లున్నారు.

చివరిగా రిపోర్టు. ఆపరేషన్‌కి ముందు సూది పరీక్షలో చెప్పింది అంచనా. తీసిన గడ్డ మొత్తాన్ని పరీక్షించాక వచ్చేది అసలు రిపోర్టు. అది మీ చేతికి వచ్చిందా? ఎంతమంది చదివారు? చేతులెత్తండి. చూశారా, సగం కూడా లేవలేదు. ఆ కాగితం అడిగి తీసుకోండి, ఫోటో తీసి దాచుకోండి. ప్లియోమార్ఫిక్ అడినోమా పది, పదిహేనేళ్ల తర్వాత కూడా తిరిగి రావొచ్చు, అప్పటికి మీ డాక్టరు రిటైరై ఉంటాడు, మీరు వేరే ఊళ్లో ఉంటారు. కెరోటిడ్ బాడీ ట్యూమర్ వచ్చినవాళ్లు, ఇది కొందరిలో వంశపారంపర్యం కాబట్టి, జన్యు పరీక్ష అవసరమా అని అడగండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలకి కూడా అది ఉపయోగపడే సమాచారం. నొప్పి లేకపోయినా, గడ్డ కనపడకపోయినా చెప్పిన తేదీకి చెకప్‌కి వెళ్లండి.

నా టైము అయిపోయిందని సమావేశం నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. గొంతు సరిగ్గా రానివాళ్లు అరవక్కర్లేదు, చీటీ మీద రాసి ముందుకి పంపండి, నేనే చదువుతాను. ముందు ఆ మూడో వరుసలో అమ్మగారు, భుజం గురించి అనుకుంటా. చెప్పండమ్మా, చెయ్యి ఎంతవరకు లేస్తోంది?